పాలగోడ

పెనుగొండ నుంచి స్కూటీ మీద కాలవగట్టు పట్టుకుని హైమ నడిపర్రు చేరేసరికి, చిన్నమ్మాయి బడి వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లేసి, పొయ్యి మీద ఎసరు పెట్టేసి ఉండేది. చిన్నమ్మాయికి అరవై దాటి చాలాకాలమైంది, పేరు మాత్రం ఇంకా చిన్నమ్మాయే. ఆ బడిలో ముందు వాళ్ళమ్మ ఆయాగా చేసింది, తర్వాత తను చేరింది, ఇప్పుడు పిల్లల మధ్యాహ్నం వంట కూడా తనదే. హైమ ఆఫీసు గది తాళం తీసి, గుడ్ల అట్టలు లెక్క చూసుకుని, గంట కొట్టించి పిల్లల్ని ప్రార్థనకి నిలబెట్టేది. హెడ్మిస్ట్రెస్ అనే మాటే గాని, ఆ బడికి మిగిలిన టీచరూ ఆవిడే, గుమాస్తా ఆవిడే, కుళాయి పాడైతే మనిషిని వెతికి తెచ్చేదీ ఆవిడే.

ఒకటో తరగతి గదికి తూర్పు వైపున్న గోడకి, ఏటా జూన్‌లో బడి తెరిచిన రోజున పాలొచ్చేవి. నడుమెత్తున సున్నం పెచ్చు లేచిన చోట ముందు చెమట పట్టినట్టు పట్టి, గంట కొట్టే వేళకి సన్నగా కారడం మొదలయ్యేది. కొత్తగా చేరిన పిల్ల అమ్మ కొంగు వదలక గుక్కపట్టి ఏడుస్తుంటే, చిన్నమ్మాయి గోడని వేలితో తుడిచి ఆ వేలు పిల్ల నోట్లో పెట్టేది. పిల్ల చప్పరించి, ముక్కు ఎగబీల్చి, వెళ్ళి పలక పట్టుకుని కూర్చునేది. ఏ పిల్లా రెండోరోజు ఏడ్చిన జాడ లేదు. అందరూ కుదురుకున్నాక పాలు వాటంతటవే తగ్గి, మిగతా ఏడాదంతా కాస్త చెమ్మగా ఉండేది. సున్నం వేసేవాళ్ళు ఆ జానెడు చోటు వదిలేసి వేసేవారు. ఒకసారి ఇంజనీరొకాయన వచ్చి గోడకి చెమ్మ పట్టిందని రాసుకోబోయి, వేలితో రుచి చూసి, రాసింది కొట్టేసి వెళ్ళిపోయాడు. పాలకేంద్రం ఆయన లాక్టోమీటరు ముంచి చూసి, "చిక్కగానే ఉన్నాయండి, నీళ్ళు కలవలేదు" అన్నాడు. ఊళ్ళో పిల్లులకి కూడా ఈ సంగతి తెలుసు, అవి జూన్ రాగానే గోడ కింద చేరేవి.

ఒకప్పుడు ఊళ్ళో పిల్లలంతా ఆ బడికే వచ్చేవారు. రాజుల ఇళ్ళ పిల్లలూ, ఊరి చివర దళితుల పేట పిల్లలూ ఒకే గోడ పాలు చప్పరించినవాళ్ళే. ఇప్పుడు పెద్ద ఇళ్ళ ముందు పొద్దున్నే పసుపు బస్సులు ఆగి పిల్లల్ని భీమవరం పట్టుకుపోతున్నాయి. ఈ బడికి వచ్చేది పేట పిల్లలూ, రొయ్యల చెరువుల మీద కాపలాకి వచ్చినవాళ్ళ పిల్లలూ. వాళ్ళని పిల్లల కింద లెక్కవెయ్యకపోతే బడికి పిల్లలు లేరనే చెప్పాలి. ఊళ్ళో పెద్దలు అలాగే చెప్పేవారు.

బడికి కరస్పాండెంటు ఆంజనేయరాజు. స్థలం వాళ్ళ తాతగారు ఇచ్చింది. చెరువులూ ఐసు ఫ్యాక్టరీ ఉన్న మనిషి, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా తప్ప తొడగడు. ఆయన ఒకటో తరగతిలో చేరిన ఏడు తూర్పు గోడని వదిలేవాడు కాదట. మిగతా పిల్లలకి వేలితో సరిపోతే, ఈయన ఏకంగా గోడకే నోరు పెట్టి నిద్రపోయేవాడట. "మా వాడికి నాకంటే ఆ గోడంటేనే ప్రాణం" అని వాళ్ళమ్మ లక్ష్మీనరసమ్మగారు బతికున్నన్నాళ్ళూ చెప్పుకుని నవ్వేవారు.

వేసవి సెలవుల ముందు ఆయన హైమకి ఫోన్ చేశాడు.

"హైమగారూ, మే నెలలో పాత విద్యార్థులమంతా బళ్ళో కలుసుకుంటున్నామండి. పెద్ద ఎత్తున చేస్తున్నాం. మీరూ ఇక్కడ చదువుకున్నవారేగా, దగ్గరుండి చూసుకోవాలి."

హైమ పొంగిపోయింది. మూడో తరగతి గదికి వానొస్తే గొడుగు కావాలి. ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు, పాత చీర కట్టి నెట్టుకొస్తున్నారు. ఇంతమంది గొప్పవాళ్ళు వస్తున్నారంటే తలో చెయ్యీ వేసి ఆ రెండూ చేయించకపోతారా అనుకుంది. తర్వాత చాలాసార్లు తలుచుకుని తన్ను తానే తిట్టుకుంది.

మేలో ఆ ఆదివారం బడి బడిలా లేదు. గేటుకి పూల ఆర్చి, దాని మీద కారు పొడుగున్న ఫ్లెక్సీ, ఫ్లెక్సీ మీద బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాల్లో ఆల్మా మాటర్ అని. అవే అక్షరాలు అందరి టీషర్టుల మీదా ఉన్నాయి. నెత్తిన డ్రోన్ తిరుగుతోంది, నాలుగు మూలలా కూలర్లు రొద పెడుతున్నాయి. ఒక పక్క రొయ్యల వేపుడూ పనసపొట్టు కూరా, ఇంకో పక్క పూతరేకుల బల్ల. పదేపదే కౌగిలించుకుంటున్నారు, ఒరే అంటే ఒరే అనుకుంటున్నారు. పాత మాస్టార్లని తువ్వాలు పరిచిన కుర్చీల్లో కూర్చోబెట్టి శాలువాలు కప్పారు. చిన్నమ్మాయికి మాత్రం పళ్ళేల దగ్గర పని చెప్పారు. వేదిక మీదున్న వాళ్ళందరి ముక్కులూ తుడిచిన మనిషి ఆవిడ. ఒక్కరికైనా గుర్తొస్తుందేమోనని హైమ కుర్చీ అంచున కూర్చుని చూసింది. రాలేదు.

శాలువా కప్పించుకున్నవాళ్ళలో సూర్యనారాయణమూర్తి మాస్టారు ఉన్నారు. సైన్సు చెప్పేవారు. కాలేజీ రోజుల్లో ఒక ఫాదరుగారి దగ్గర లాటిన్ నేర్చుకున్నారని, మొక్కల పేర్లు ఆ భాషలో పాఠంలా పాడేవారని ఆయన శిష్యులకి గుర్తు. ఫ్లెక్సీ మీద మాటకి అర్థం చెప్పమని మైకు చేతికిచ్చారు.

"ఆల్మా అంటే పోషించేది. రెండో మాటని మాటర్ అంటున్నారు గాని, మాతెర్ అనాలి. మన మాతృకీ దానికీ చుట్టరికం ఉంది" అని మాస్టారు మొదలెట్టారు. ముఖం వెలిగిపోతోంది. "మాతెర్ అంటే తల్లి. కన్నతల్లే కాదు, పాలిచ్చి పెంచినదీ మాతెరే. పిలకలు పుట్టుకొచ్చే చెట్టు మొదలుని కూడా అలాగే అన్నారు. ఆ మొదలు నుంచి వచ్చిన కలపకి ఆ మాటలోంచే ఒక పేరు పుట్టింది, మనం ఇవాళ మెటీరియల్ అంటున్నామే, అది. మూలమైన ఊరు మాతెర్, దేనికైనా పుట్టుక మాతెర్. అంతెందుకు, పుర్రె లోపల మెదడుని చుట్టుకుని గట్టి పొర ఒకటి ఉంటుంది. దాని పేరులోనూ ఈ మాటే ఉంది. అక్కడ కూడా తల్లే కాపలా కాస్తోందన్నమాట."

చప్పట్లు మారుమోగాయి. కొందరు కళ్ళొత్తుకున్నారు. ఆ తడి ఆరకముందే ఆంజనేయరాజు లేచి మైకు అందుకున్నాడు.

"మాస్టారి మాటలు వింటే ఒళ్ళు పులకరించింది. ఇప్పుడు ఒక మంచి కబురు చెబుతాను. బడికి స్ట్రెంత్ లేదని మీకందరికీ తెలుసు. వచ్చే జూన్ నుంచి ఉన్న పిల్లల్ని హైవే అవతలి బడిలో కలిపేస్తున్నారు. ఈ స్థలాన్ని పాడుబెట్టకుండా ఇక్కడ సెంట్రల్ ఏసీ కల్యాణమండపం కడుతున్నాం. పేరు ఆల్మా మాటర్ కన్వెన్షన్! గేటు దగ్గర బిడ్డనెత్తుకున్న తల్లి విగ్రహం. మెటీరియల్ కూడా తల్లేనని మాస్టారు చెప్పనే చెప్పారు, కాబట్టి ఈ టేకు దూలాల్లో ఒక్కటీ బయటికి పోనివ్వం, రిసెప్షన్‌లో వాడతాం. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి."

పూతరేకుల పొడి అంటిన చేతులు పైకి లేచాయి.

హైమ వేదిక ఎక్కిన సంగతి ఎక్కాక గాని ఆవిడకే తెలియలేదు. మైకు లాక్కున్నంత పని చేసింది.

"మాస్టారు ఆ మాటకి చాలా అర్థాలు చెప్పారండి. స్థలం అన్న అర్థం మాత్రం నాకు వినపడలేదు. తల్లి, తల్లి అంటూనే కూల్చేస్తారా? విగ్రహం పెడతామంటున్నారు, ఆ గదిలో గోడ ఉండగా విగ్రహమెందుకండీ? బడికి పిల్లలు లేరని ఎవరన్నారు? రోజూ నా ముందు కూర్చునేవాళ్ళు పిల్లలు కారా? అయిదేళ్ళ పసివాళ్ళు లారీల మధ్య హైవే దాటి ఎలా..."

మైకు మూగబోయింది. "కరెంటు పోయిందండీ" అన్నారు వెనకనుంచి ఎవరో. కూలర్లు మాత్రం ఎప్పట్లాగే తిరుగుతున్నాయి.

హైమ దిగి నేరుగా సూర్యనారాయణమూర్తిగారి దగ్గరికి వెళ్ళింది. "మీరైనా ఒక్క మాట అనొచ్చు కదా మాస్టారూ!"

ఆయన శాలువా అంచు సవరించుకున్నారు. "ఏమంటానమ్మాయ్? పిలిచి గౌరవించారు. వాళ్ళ స్థలం, వాళ్ళ ఇష్టం."

"అయితే అన్ని అర్థాలెందుకు చెప్పారండీ? డిక్షనరీ కూడా చెబుతుంది అర్థాలు. దానికి ఎవరూ శాలువా కప్పరు."

చిన్నప్పుడు తనకి చదువు చెప్పిన మనిషిని అంత మాట అన్నందుకు హైమకి నోరు చేదుగా అయిపోయింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

ఇక గ్రూపు ఫోటో తూర్పు గోడ దగ్గర తియ్యాలన్నారు. అందరూ గదిలోకి తోసుకొచ్చారు. ఆంజనేయరాజు రెండు చేతులూ బార్లా చాపి గోడని కావలించుకుని, గుండెని దానికి అదిమి, "అమ్మా!" అని భోరుమన్నాడు. వీడియో తీసేవాళ్ళు చుట్టూ తిరిగి తీశారు. దొంగ ఏడుపైతే హైమకి అంత మండేది కాదు. అది నిజం ఏడుపు. నిజంగా ఏడ్చి, నిజంగానే కూల్చెయ్యబోతున్నాడు. గోడ వదిలి ఇటు తిరిగేసరికి ఆయన టీషర్టు ముందుభాగం తడిసి ఉంది. "ఏం ఉక్కరా బాబూ" అంటూ కూలరు ముందు నిలబడ్డాడు.

మర్నాడు బడంతా ఖాళీ పళ్ళేలూ వాడిన పూలూ. చిన్నమ్మాయి తూర్పు గోడ దగ్గర నిలబడి చెయ్యి ఆనించి చూస్తోంది. ఏడాది పొడుగునా ఉండే చెమ్మ లేదు. సున్నం పొడిగా రాలి ఆవిడ ముంజేతి మీద పడింది.

"వట్టిపోయిందండి టీచరుగారూ" అంది చిన్నమ్మాయి. కొంగుతో గోడ తుడిచింది.

హైమకి ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. స్కూటీ తీసి ఆంజనేయరాజు ఇంటికి పోయింది.

ఆయన అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. ఎండాకాలం పట్టపగలు రొమ్ముల మీదుగా పెద్ద తువ్వాలు కప్పుకుని, దాని మీద చేతులు కట్టుకున్నాడు. కుర్చీ చుట్టూ ఊళ్ళో పిల్లులన్నీ చేరి ఉన్నాయి. కాలితో అదిలిస్తే జరిగి మళ్ళీ అక్కడే కూర్చుంటున్నాయి.

"గోడ ఎండిపోయిందండి" అంది హైమ.

"మంచిదే కదండీ. ఎలాగూ కొట్టేసేదే."

"రాజుగారూ, కొత్తగా చేరే పిల్లలు..."

"హైమగారూ, మీరెందుకండీ ఇంత ఇదైపోతారు? మీ ఉద్యోగం ఎక్కడికీ పోదు, జీతం ఆగదు. పెనుగొండకి దగ్గరగా వేయిస్తాను, నాది పూచీ. మీకేంటి నష్టం చెప్పండి."

ఒంటిమీద చెయ్యి వేసినా హైమకి అంత అవమానంగా ఉండేది కాదు. "నాకేం నష్టం లేదండి. మీరు ఆ గోడ పాలు తాగారు, నేనూ తాగాను. మన పనులు అయిపోయాయి. నష్టమంతా తాగాల్సినవాళ్ళది. వాళ్ళకి వాట్సాప్ గ్రూపూ లేదు, టీషర్టూ లేదు, వచ్చి మీ అరుగెక్కి అడిగే దమ్మూ లేదు. అందుకేగా మీకింత ధైర్యం."

ఆంజనేయరాజు ముఖం ఎర్రబడింది. తువ్వాలు పైకి లాక్కుని లోపలికి వెళ్ళిపోయాడు. పిల్లులు ఆయన వెంటే వెళ్ళాయి.

జూన్‌లో బడి తెరిచే రోజు వచ్చింది. హైమ వచ్చేసరికి గేటుకి కొత్త తాళం వేలాడుతోంది. చిన్నమ్మాయి ఊడ్చడానికి వాకిలి లేక చీపురు పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉంది. పిల్లలు ఉతికిన బట్టల్లో, నూనె రాసిన తలలతో గోడవారగా చేరారు. వాళ్ళని హైవే అవతలికి తోలుకుపోవడానికి ఆటో ఒకటి ఇంజను ఆపకుండా కాచుకుని ఉంది.

సూర్యనారాయణమూర్తి మాస్టారు కూడా వచ్చారు, చేతిలో మడతపెట్టిన శాలువాతో. నెలరోజుల్లో ఇంకా వంగిపోయినట్టున్నారు. "ఇది నాకొద్దమ్మాయ్. ఇంట్లో పెట్టుకుంటే నిద్రపట్టడం లేదు" అని హైమకి ఇవ్వబోయారు.

"నాకెందుకండీ? అది ఎవరికి చెందాలో మీకు తెలుసు" అంది హైమ.

ఆయన తలూపి, వెళ్ళి శాలువా చిన్నమ్మాయి చేతికిచ్చారు. ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని రెండు చేతులతో అందుకుంది. కప్పుకోవడానికి సిగ్గుపడి అలాగే పట్టుకుంది.

పేట నుంచి మెర్సీ కూతుర్ని లాక్కుంటూ వచ్చింది. రొయ్యల షెడ్డులో వలిచే పని ఆవిడది, షెడ్డు బండి వచ్చే వేళైంది. కూతురు రూబీకి ఇదే మొదటిరోజు. రెండు జళ్ళు వేసి రిబ్బన్లు కట్టింది. తాళం చూసి మెర్సీ నిలబడిపోయింది.

"ఇదేంటండి టీచరుగారూ? గోడ దగ్గరికి తీసుకెళ్ళొద్దా?"

హైమ జవాబు చెప్పేలోగా తెల్లకారు వచ్చి ఆగింది. ఆంజనేయరాజు దిగాడు. ఎప్పటి తెల్లచొక్కానే, పైన తువ్వాలు మాత్రం ఇంటి దగ్గరే వదిలేసి వచ్చాడు, ఊళ్ళోవాళ్ళ ముందు బాగుండదని కాబోలు.

"ఏమ్మా, ఎక్కించండి ఎక్కించండి. ఆటో నేను పెట్టించిందే. ఎండెక్కిపోతోంది."

ఆటోవాడు రూబీ చెయ్యి పట్టుకున్నాడు. రూబీ తల్లి కొంగు రెండు గుప్పిళ్ళతో బిగించి గుక్కపట్టింది. ఊపిరి తిరగక ముఖం కమిలిపోయి, తర్వాత ఊరంతా వినపడేలా ఏడుపందుకుంది. అది చూసి పక్కపిల్ల ఏడ్చింది. ఇంకోడు అందుకున్నాడు. నిరుడు చేరినవాళ్ళు కూడా మొదలెట్టారు.

అప్పుడు ఆంజనేయరాజు చొక్కా మీద, జేబు దగ్గర ఒక మచ్చ కనిపించింది. రెండో వైపు ఇంకోటి. చూస్తుండగానే అవి అరచేతులంత అయ్యాయి. ఆయన చేతులు అడ్డం పెట్టుకున్నాడు. మోచేతుల మీదుగా తెల్లగా కారి, బొట్లు బొట్లుగా రోడ్డు మీద పడ్డాయి. గోడ కింద ఉండాల్సిన పిల్లులు కారు కిందనుంచి బయటికొచ్చాయి.

అక్కడున్న ఆడవాళ్ళంతా బిడ్డల్ని పెంచినవాళ్ళే. పొలంలో ఉండగానో, షెడ్డులో ఉండగానో ఎక్కడో పసిబిడ్డ ఏడుపు వినపడితే ఏమవుతుందో వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు చూపు పక్కకి తిప్పుకున్నారు, బాలింత ఎదుట తిప్పుకున్నట్టే.

"పాలు చేపుకొచ్చాయండి బాబుగారికి" అంది చిన్నమ్మాయి మెల్లిగా.

ఆంజనేయరాజు హైమ వైపు చూశాడు. నెలరోజులుగా చొక్కాలు మార్చుకుంటూ, డాక్టర్లకి చెప్పుకోలేక, తలుపులేసుకుని దాచుకున్నదంతా ఆ ముఖంలో ఉంది. హైమకి జాలి కలగలేదు.

"నొప్పిగా ఉంటుందండి" అంది. "ఇయ్యకుండా ఆపుకుంటే గడ్డకట్టి జ్వరమొస్తుంది. ఏ తల్లినడిగినా చెబుతుంది. తాళం తియ్యండి."

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి పాలలో తడిసి జారిపోతోంది. రెండుసార్లు కిందపడింది. రెండుసార్లూ ఆయనే వంగి తీసుకుని, తానే వెళ్ళి గేటు తీశాడు.

చిన్నమ్మాయి ఆయన వెనకే వెళ్ళింది. తడిసిన చొక్కా అంచు వేలితో తుడిచి, ఆ వేలు రూబీ నోట్లో పెట్టింది. రూబీ చప్పరించింది. ముక్కు ఎగబీల్చింది. కొంగు వదిలేసి, పలక సంచి సర్దుకుని, మిగతావాళ్ళకంటే ముందు లోపలికి నడిచింది. చిన్నమ్మాయి మిగతా పిల్లలకి కూడా ఒక్కొక్కరికీ పెట్టింది. ఆంజనేయరాజు కళ్ళు మూసుకుని కదలకుండా నిలబడ్డాడు.

అంతా అయ్యాక చిన్నమ్మాయి చేతిలో శాలువా విప్పింది. తనకి ఇన్నేళ్ళకి వచ్చిన ఒక్క శాలువా. దాన్ని ఆయన భుజాల చుట్టూ తిప్పి, రొమ్ము కప్పుతూ ముందుకి లాగి ముడివేసింది. "గాలి తగలకూడదండి బాబుగారూ" అంది.

"పిల్లలు కుదురుకునేదాకా రోజూ రావాలండి" అంది హైమ. "బడి మూసేస్తే కుదరదు. ఏటా చేరేవాళ్ళుంటారు."

ఆయన తలూపాడు. ఆ ఊపులో కల్యాణమండపం, ఏసీ, గేటు దగ్గర విగ్రహం అన్నీ పోయాయి. ఒకటో తరగతి గది బయట అరుగు మీద శాలువా చుట్టుకుని కూర్చున్నాడు.

రోడ్డు మీద షెడ్డు బండి హారను కొట్టింది. మెర్సీ పరుగెత్తబోయి ఆగి, వెనక్కి తిరిగి అరుగు దగ్గరికి వచ్చింది. పేట మనిషి అంత దగ్గరగా వచ్చి ఆయనతో మాట్లాడటం అదే మొదటిసారి.

"సాయంత్రం వస్తానండి. పిల్ల జాగ్రత్త."

"అలాగేనమ్మా" అన్నాడు ఆంజనేయరాజు.

హైమ గంట కొట్టింది. ఆవిడ కోపం మాత్రం తగ్గలేదు. మధ్యాహ్నం ఆయన దగ్గరికి వెళ్ళి, మూడో తరగతి కప్పూ ఆడపిల్లల దొడ్డి తలుపూ ఎప్పుడు చేయిస్తారని అడగాలి.